చెమట పట్టని గోడ

గోడ నిలబెట్టిన మర్నాడు, మంగళవారం పొద్దున్నే, ఠంగు సావుకారు రెండు ధర్మామీటర్లు చేతపట్టుకుని కుట్టుపని షెడ్డుకు వచ్చాడు. ఒకటి వీధి వైపు నీడలో మేకుకు తగిలించాడు. రెండోది షెడ్డు లోపల, కత్తెరక్క బల్ల పక్క స్తంభానికి కట్టాడు. మధ్యాహ్నం రెండింటికి చూస్తే బయట నలభై ఒకటి. లోపల నలభై.

ఒక్క డిగ్రీ. ఆరువందల ముప్ఫై మట్టి గొట్టాలు, ఒక ఇనుప చట్రం, ఒక నీళ్ల మోటారు, పది రోజుల చాకిరీ. అంతా తక్కెడలో ఒక పళ్లెంలో వేసి, రెండో పళ్లెంలో ఆ ఒక్క డిగ్రీ వేసి సావుకారు మనసులోనే తూచుకున్నాడు.

"ఒక డిగ్రీ అంటే ఎంతుంటుంది సావుకారుగారూ?" అంది కత్తెరక్క, మెడ తుడుచుకుంటూ. షెడ్డులో నలభై మిషన్ల మీద అజమాయిషీ ఆవిడదే. మెడలో టేపు, చేతిలో కత్తెర లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్లు లేరు. "చిటికెడుంటుందా? ఎక్కడ పెట్టారో చెబితే వెళ్లి అక్కడ నిలబడతాను."

నలభై మిషన్లూ ఆగి నవ్వాయి. సావుకారు కూడా నవ్వాడు. కొనేవాళ్లు నవ్వినప్పుడు తనూ నవ్వడం ఆయనకి వృత్తిలో అబ్బిన గుణం.

ఆయన ముప్ఫై ఏళ్లుగా మట్టి సరుకు అమ్ముతున్నాడు. తాగేనీళ్ల కుండలు కాదు, కట్టుబడి సరుకు: పైకప్పు పెంకులు, నేల పలకలు, మురుగునీళ్లు పోయే గొట్టాలు. బట్టీ నుంచి సరుకు దిగగానే ఒక్కోదాన్నీ వేలి ఉంగరంతో కొట్టి చెవి పెట్టేవాడు. ఠంగుమంటే లోపలికి, మొద్దుగా పలికితే అవతలికి. ఆ పేరు అలా వచ్చింది. అసలు పేరుతో పిలిస్తే ఆయనే పలికేవాడు కాదేమో.

ఈ గోడ ఆలోచన మరదలిది. భార్యకు చెల్లెలు, ఇళ్లకు ప్లానులు గీసే పని. గొట్టాలను తేనెపట్టులా ఒకదాని మీద ఒకటి పేర్చి, పైనుంచి సన్నగా నీళ్లు జారవిడిచి, ఎదుటి గోడకు గాలి లాగే ఫ్యాన్లు పెడితే, వీధిలోని వేడిగాలి తడి గొట్టాల్లోంచి దూరి లోపలికి చల్లగా వస్తుందంది. షెడ్డు యజమానురాలు ఒప్పుకుంది గాని గడువు పెట్టింది. శనివారం తను వచ్చేసరికి ఐదు డిగ్రీలు తగ్గితే మిగతా మూడు షెడ్లకూ ఇవే గోడలు. తగ్గకపోతే ఇది ఊడబీకి, కిటికీలు మూయించి, చల్లబరిచే యంత్రాలు బిగించడం.

సావుకారుకి ఆ శనివారం ఇంకో గడువు కూడా. ప్లాస్టిక్ ట్యాంకుల కంపెనీ మనిషి నెల రోజులుగా కొట్టు చుట్టూ తిరుగుతున్నాడు. ఏజెన్సీ ఇస్తాడు, కానీ కొట్టంతా ట్యాంకులకే కావాలి. ఔనో కాదో శనివారం సాయంత్రంలోగా చెప్పాలి. ఔనంటే మట్టి సరుకుకి చోటుండదు. చోటు లేకపోతే ఆ సరుకు చేసే బట్టీ పెద్దాయనకి వేరే కొనేవాడు లేడు. గోడ చల్లబడితే బట్టీ వెలుగుతుంది, గోడ వేడిగా ఉంటే బట్టీ ఆరిపోతుంది. ఇన్నేళ్ల వ్యాపారంలో ఇంత తలకిందుల లెక్క ఆయనకెప్పుడూ తగల్లేదు.

మూడింటికి మరదలు వచ్చింది. ధర్మామీటరు చూసి, అద్దం మీద వేలితో తట్టి, మళ్లీ చూసింది.

"బావా, గొట్టాలు నేను చెప్పినట్టే పేర్చారా?"

"నువ్వు గీసిన గీత మీద చీమ నడిచినట్టు పేర్చారు. ఆ గీతలోనే ఏదో తేడా ఉంది."

"మా మేడ మీద ఇదే గీతతో మూడడుగుల ముక్క కట్టి చూశాకే కదా ఇక్కడికి తెచ్చాను. అక్కడ ఆరు డిగ్రీలు తగ్గింది."

"మీ మేడ మీది గాలి నీలాగే పెద్ద చదువులు చదివి ఉంటుంది. ఇది కూలిపని చేసుకునే గాలి."

"వెటకారం ఆపి పట్టుకో." నిచ్చెన ఆయన చేతికిచ్చి పైకెక్కింది. నీళ్లు వదిలే పైగొట్టానికున్న చిల్లులన్నీ తెరిచే ఉన్నాయి. మోటారు తిరుగుతోంది. ఫ్యాన్లు లాగుతున్నాయని తెలుసుకోడానికి కత్తెరక్క ఒక దారప్పోగు గొట్టం నోటికి పట్టింది. పోగు తిన్నగా లోపలికి ఎగిరింది. గాలి వస్తోంది, నీళ్లు పడుతున్నాయి, చల్లదనం ఒక్కటే రావడం లేదు.

"పోనీ ఇందులో ఒక మంచి మాట విను" అన్నాడు సావుకారు, మరదలి మొహం చూసి జాలి కలిగి. గోడ కింది తొట్టి దగ్గరికి తీసుకెళ్లాడు. పైనుంచి జారిన నీళ్లు అందులో పడతాయి, మోటారు మళ్లీ పైకి తోస్తుంది. పొద్దున ఆయన ఒక పుల్లను నీళ్లలో నిలబెట్టి గీత పెట్టాడు. "చూడు. పొద్దుట్నుంచీ ఆరుగంటలు. అర వేలు కూడా దిగలేదు. చుక్క వృథా కాలేదు. సరుకంటే అది!"

"బాగుంది" అంది మరదలు నీరసంగా. "మా మేడ మీదది ఇలా కాదు. పొద్దున బకెట్టు నింపితే మధ్యాహ్నానికి సగమే ఉండేది. ఎక్కడో కారుతోందనుకున్నాను. నీకు చెబితే నవ్వుతావని చెప్పలేదు."

"కింద తడి ఉండేదా?"

"లేదు. నేల పొడిగానే ఉండేది."

"మరి సగం బకెట్టు ఎటు పోయింది?"

"ఎటు పోతుంది, గాల్లోకి…" అని మరదలు సగంలో ఆగిపోయింది.

సావుకారు పుల్ల వైపు చూశాడు. అప్పటిదాకా ఆ గీత ఆయన కంటికి అందంగా కనిపించింది. ఇప్పుడు చూస్తే ఏమీ ఇవ్వకుండా అన్నీ కావాలనే మనిషి మొహంలా ఉంది. కొట్టులో సరుకు కదలకుండా గల్లాపెట్టె నిండదని ఆయనకి చిన్నప్పట్నుంచీ తెలుసు. నీళ్లు ఖర్చు కాకుండా చల్లదనం ఎక్కణ్ణుంచి వస్తుంది? పైనుంచి పోసింది పోసినట్టే కిందికి వచ్చేస్తోంది. వేడిగాలికి ఈ గోడ ఏమీ ఇవ్వడం లేదు, గాలి కూడా తన వేడి తనే పట్టుకుని లోపలికి వస్తోంది.

"నీ గోడ తాగుతోందే" అన్నాడు మెల్లగా. "నా గోడ పుక్కిలించి ఉమ్మేస్తోంది."

"రెండూ ఒకే గొట్టాలు కదా బావా?"

"అదే చూడాలి. పద."

మరదలి మేడ మీద ఆ మూడడుగుల ముక్క నిలబడే ఉంది. గొట్టాలన్నీ నిండా తడిసి, రంగు ముదిరి, ముట్టుకుంటే అరచేతికి తేమ అంటుతున్నాయి. షెడ్డులో గోడమీద నీళ్లు దారాల్లా జారిపోతూ, దారానికీ దారానికీ మధ్య మట్టి పొడిగా ఉండడం ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది. ఒక గొట్టం ఊడదీసి, తుడిచి, ఎండలో కాసేపు ఆరనిచ్చి, ఉంగరంతో కొట్టాడు. మొద్దుగా, తలగడ మీద కొట్టినట్టు పలికింది. ఇంకోటి కొట్టాడు. అదీ అంతే.

"ఇవెక్కడ కొన్నావు?"

"మలుపు దగ్గర తోపుడు బండి మీద. మూడడుగుల ముక్కకి నీ కొట్టుదాకా ఎందుకులే అని."

సావుకారు మేడ పిట్టగోడ మీద కూలబడ్డాడు. ఆ బండివాడికి సరుకు ఎవరిస్తారో ఊళ్లో ఇంకెవరికీ తెలియకపోయినా ఆయనకి తెలుసు. తను అవతల పారేసిన రెండో రకం గొట్టాలే ఆ బండి మీదికి ఎక్కేవి. మొక్కల కుండీల అడుగున, పశువుల తొట్టి పక్కన, నీళ్లు ఊరినా అడిగేవాడుండని చోట వాడుకోడానికి కొనుక్కుపోయేవాళ్లు.

గోడకి ఆయన ఏం పంపాడో కూడా ఆయనకి తెలుసు. మరదలి పని కదా అని బట్టీ పెద్దాయనతో ప్రత్యేకం చెప్పి, మెత్తటి ఎర్రమట్టి పూత వేయించి, మామూలుకంటే ఒక రోజు ఎక్కువ కాల్పించాడు. ఆరువందల ముప్ఫై గొట్టాలూ స్వయంగా తనే కొట్టి చూశాడు. ఒక్కోటి గుడిగంటలా మోగింది. గొట్టంలో నీళ్లు పోస్తే బయట చెమ్మ కూడా కనిపించనంత గట్టి సరుకు. నీళ్లకుండ చెమర్చకపోతే ఆయనే దాన్ని కుండ అనడు. కానీ ఇవి కుండలని ఆయనకి తట్టలేదు. గొట్టమంటే ఊరకూడదు. ఆయన జీవితమంతా ఆ ఒక్క మాట మీద కట్టుకున్నది.

నోరు మూసుకుంటే ఏమవుతుందో ఒక్క క్షణం లెక్క వేసుకున్నాడు. తప్పు గీతదేనని మరదలు సగం నమ్మేసే ఉంది. అలా వదిలేస్తే తన పరువు నిలుస్తుంది, గోడ పోతుంది. ఒప్పుకుంటే పరువు కాస్త చిరుగుతుంది, గోడ దక్కొచ్చు. చిరిగింది కుట్టుకోవచ్చు. ఈ శనివారం మాత్రం మళ్లీ రాదు.

"మరదలా, నీకు మంచి చేద్దామనుకుని నిన్ను ముంచాను" అని మొదలుపెట్టి మొత్తం చెప్పేశాడు.

మరదలు వింటూ వింటూ ముందు నోరు తెరిచింది, తర్వాత చేత్తో మూసుకుంది, చివరికి ఆపుకోలేక పకపకా నవ్వింది. "అంటే నీ కొట్టులో నాకు పనికొచ్చేది నువ్వు పారేసిందొక్కటేనన్నమాట! ఈ మాట అక్కకి చెప్పకుండా నేను బతకలేను బావా."

"చెప్పుకో. శనివారం దాటాక చెప్పుకో."

బుధవారం పొద్దున ఇద్దరూ బట్టీకి వెళ్లారు. బట్టీ పెద్దాయన సారె ముందు కూర్చుని పెంకుల మట్టి తొక్కిస్తున్నాడు. డెబ్భై దాటినా వేళ్లు గట్టి. వెనకవైపు పారేసిన సరుకు గుట్టగా ఉంది. అక్కడికి ఎవరూ వెళ్లరు. సావుకారు తిన్నగా అక్కడికే నడవడం చూసి ఆయన లేచొచ్చాడు.

"అటెందుకు సావుకారూ? అది చూసే చోటు కాదు."

"అవే కావాలి పెద్దాయనా."

"ఏవి?"

"ఆ ఊరే గొట్టాలు. ఉన్నవన్నీ."

పెద్దాయన ఆయన నుదురు మీద చెయ్యి పెట్టి చూశాడు. "ఎండ తగిలిందా? ముప్ఫై ఏళ్లు నా సరుకుని చెవి మెలేసి ఏడిపించావు. ఇది బొద్దు, అది మొద్దు అని ముక్కు విరిచావు. మా ఆవిడ పోయిన ఏడాది నేను మంట సరిగా చూసుకోక ఒక విడత అంతా మెత్తబడితే, మొత్తం తిప్పి పంపావు. గుర్తుందా?"

"గుర్తుంది."

"ఇప్పుడు అవి కావాలా?"

మరదలు మధ్యలోకి వచ్చి, గుట్టలోంచి ఒక గొట్టం తీసి, అక్కడున్న చెంబుతో నీళ్లు పోసి, గోడ సంగతి ఆయనకి చెప్పింది. చెప్పడం అయ్యేసరికి గొట్టం బయటివైపు సన్నటి తేమ పొటమరించింది. పెద్దాయన దాన్ని అందుకుని గాలి వచ్చే వైపు పట్టుకున్నాడు.

"ఉన్నవి పట్టుకుపోండి" అన్నాడు చివరికి. "చెడ్డ సరుకు కావాలని నన్ను కొత్తగా చెయ్యమనకండి. పొరపాటున చేశానంటే సరే, కావాలని చేశానని అనిపించుకోను."

లెక్కపెడితే పగుళ్లు లేకుండా పనికొచ్చేవి రెండువందల పది తేలాయి. అవసరానికి మూడో వంతు. కొత్తవి చేయించినా ఆరి, కాలి, చేతికి రావడానికి పది రోజులు పడుతుంది. గుట్టంతా తిరగేసేసరికి మరదలికి ఇంకో చిక్కు కనిపించింది. కొన్ని గొట్టాలు ఒళ్లంతా సమంగా చెమరుస్తున్నాయి, కొన్ని ఒకచోటే చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి, కొన్ని ఒక పక్క తడి, ఒక పక్క పొడి.

"ఎందుకలా తాతా?"

"ఎందుకంటే?" పెద్దాయన చిరాగ్గా అన్నాడు. "చెడిపోయినవి తలోరకంగా చెడతాయి. దానికీ ఒక పద్ధతుంటుందా?"

"ఉంటే బాగుండేది" అంది మరదలు. "ఒకేలా ఊరేది చెయ్యడం గట్టిది చెయ్యడంకన్నా కష్టమేమో కదా?"

వాళ్లు బండికెత్తించి బయల్దేరేటప్పుడు పెద్దాయన గుట్ట దగ్గరే గొంతుక్కూర్చుని, పగిలిన ఒక గొట్టం అంచును గోటితో గీరి చూసుకుంటూ కనిపించాడు.

గొట్టాలు సున్నం లేకుండా ఉత్తినే పేర్చినవి కాబట్టి మార్చడం మర్నాడు పొద్దుటికల్లా అయింది. రెండువందల పదీ గోడకి ఒక కొసన, కత్తెరక్క బల్లకి ఎదురుగా పెట్టారు. మిగతా రెండు వంతులకీ గోనెగుడ్డ కప్పారు, లేకపోతే వేడిగాలంతా ఆ దారినే దూరుతుంది. గురువారం మధ్యాహ్నం పుల్ల మీద నీళ్లు రెండు వేళ్లు దిగాయి. నీళ్లు తరిగితే సంతోషించడం సావుకారుకి జీవితంలో అదే మొదలు. శుక్రవారం మూడు వేళ్లు దిగాయి. బయట నలభై ఒకటి ఉంటే కత్తెరక్క బల్ల దగ్గర ముప్ఫై ఐదు, షెడ్డు అవతలి కొసన ముప్ఫై తొమ్మిది.

శనివారం పదకొండింటికి యజమానురాలు వచ్చింది. ఒకప్పుడు తనూ మిషను తొక్కిన మనిషి. గుమ్మంలోనే ఆగిపోయింది. నలభై మిషన్లూ తిన్నటి వరసల్లో ఉండాల్సినవి ఒకే మూలకి, మోచేతికి మోచెయ్యి తగిలేలా గుమిగూడి ఉన్నాయి. షెడ్డులో మూడు వంతుల్లో రెండు వంతులు ఖాళీ.

"ఏమిటిది? పెళ్లి భోజనాల బంతా?"

"నేను జరపమనలేదు మేడమ్" అంది కత్తెరక్క. "పొద్దున నేను రాకముందే జరుపుకున్నారు. వద్దని అరిచాను. తర్వాత నా బల్లకే చోటు లేకుండా పోతుందని నేనూ జరిగాను."

యజమానురాలు ధర్మామీటర్ల వైపు చూడలేదు. వెళ్లి ఒక మిషను ఇనుప ఒంటి మీద చేతి వెనకవైపు ఆనించింది. తర్వాత అవతలి కొసన ఖాళీగా వదిలేసిన బల్ల ఇనుప కాలి మీద ఆనించింది. మళ్లీ వచ్చి మిషన్ని ముట్టుకుంది.

"మిగతా గోడకి గోనె ఎందుకు కట్టారు?"

మరదలు నోరు తెరవబోయింది. సావుకారు ముందుకొచ్చాడు. సరుకులో లోపం కొనేవాడు కనిపెట్టేలోపు అమ్మేవాడే చెప్పాలన్నది ఆయన పద్ధతి. ఎందుకంటే అప్పుడు లోపం ఎంతదో చెప్పే అవకాశం తన చేతుల్లో ఉంటుంది.

"తప్పు నాది మేడమ్. గీతది కాదు. మురుగు కాలువకి పంపాల్సిన గట్టి సరుకుని గోడకి పంపాను. పనికొచ్చేది నా దగ్గర మూడో వంతే దొరికింది. ఇంకో రెండు మాటలు కూడా వినండి. మబ్బు పట్టి గాలిలో తేమ ఉన్న రోజు ఈ గోడ ఇంత బాగా పనిచెయ్యదు, రెండు డిగ్రీలిస్తే గొప్ప. గోడంతా పనిచేస్తే రోజుకి ముప్ఫై బకెట్ల నీళ్లు తాగుతుంది. తాగకపోతే చల్లబడదు."

"అంత నీరు ఎండల్లో ఎక్కడ తేను?"

"పైకప్పు మీద పడే వాననీళ్లు ఇప్పుడు వీధిలోకి పోతున్నాయి" అంది మరదలు, చంకలోంచి కాగితపు చుట్ట తీసి విప్పుతూ. "నేలకింద తొట్టి కట్టి దాస్తే ఎండలు ముదిరిన అరవై రోజులకీ సరిపోతాయి. కొలిచాను."

యజమానురాలు కాగితం మీద కొంచెంసేపు, గుమిగూడిన ఆడవాళ్ల మీద ఇంకొంచెంసేపు చూసింది.

"మూడు షెడ్లు అన్నాను. ఆ మాట ఇప్పుడు అనను" అంది. "ముందు దీన్ని పూర్తి చెయ్యండి. వానలకి ముందు తొట్టి కట్టండి. ఒక ఏడాది చూస్తాను. మబ్బు రోజులు కూడా చూస్తాను. యంత్రాలకి మాత్రం ఇవాళ కబురు పెట్టను."

కత్తెరక్క అప్పుడే మిషన్లని వెనక్కి జరపమని కేకలేస్తోంది. ఎవరూ కదల్లేదు.

బయటికొచ్చాక మరదలు అడిగింది. "గెలిచామా బావా, ఓడామా?"

"నాలుగువందల ఇరవై గొట్టాలు" అన్నాడు సావుకారు. బట్టీకి అది నెల రోజుల పని కూడా కాదు. మిగతా ఏడాదంతా ఏమీ లేదు. ఒక పక్క అడిగినంత అమ్ముడయ్యే ట్యాంకులు, ఇంకో పక్క ఎవరూ ఇంకా అడగని గొట్టాలు. ఎవరు లెక్క కట్టినా ట్యాంకులకే మొగ్గుతుంది. "ముందు పెద్దాయన్ని చెయ్యమని ఒప్పించాలి కదా. చెయ్యనన్నాడు."

ఇద్దరూ బట్టీకి వెళ్లేసరికి నాలుగు దాటింది. పెద్దాయన నీడలో ఒక పలక ముందు కూర్చుని ఉన్నాడు. వాళ్లు వచ్చినా తల ఎత్తలేదు. పలక మీద అరచేతిలో ఇమిడే ముంతలు పదకొండు, వరసగా, నీళ్లతో నింపి ఉన్నాయి. చిన్న కుంపట్లో కాల్చినవి. ఒక్కోదాని మీద గోటితో గీతలు. మొదటిదాని మీద ఒకటి, చివరిదాని మీద పదకొండు.

"అడ్డు తప్పుకోండి, గాలి రానీండి" అన్నాడు.

"ఏమిటివి తాతా?"

"వడ్రంగి దగ్గర రంపపు పొట్టు తెచ్చి మట్టిలో కలిపాను. గీతకో చిటికెడు. కాలినప్పుడు పొట్టు మసైపోయి అక్కడ సందు మిగులుతుంది. ఒకటోది రాయిలా ఉంది. పదకొండోది కారి చచ్చింది. మధ్యలో ఎక్కడో ఉండాలి."

మరదలు అప్పటికే నేలమీద కూర్చుంది. సావుకారు కూడా పంచె సర్దుకుని గొంతుక్కూర్చున్నాడు. ఐదోది మసగ్గా ఉంది. ఎనిమిదోది అడుగున చుక్క కడుతోంది. ఏడోదాని ఒంటి నిండా, ఎక్కడా ఎక్కువా తక్కువా లేకుండా, పొగమంచు పట్టిన అద్దంలా తేమ పరుచుకుంది. ఆయన వేలు పెట్టి చూశాడు. చల్లగా ఉంది. ఇలా ఒంటినిండా సమంగా ఊరే గొట్టం తను ముప్ఫై ఏళ్లలో ఎప్పుడూ అమ్మలేదు. ఎవరూ అమ్మలేదు. దాన్ని ఏమని పిలవాలో, ఎవరికి ఎలా చెప్పి అమ్మాలో కూడా ఆయనకి తెలీదు. ఆ తెలియకపోవడం ఎందుకో హాయిగా ఉంది.

జేబులో ఫోను మోగింది. ట్యాంకుల కంపెనీ మనిషి.

"నమస్తేనండీ. ఆఁ, గుర్తుంది, శనివారం" అన్నాడు సావుకారు, ఏడో ముంత మీంచి కళ్లు తిప్పకుండా. "కుదరదండీ. లేదు, ఇంకెవరూ ఎక్కువ ఇస్తామనలేదు. కొట్టులో చోటు చాలదు. మా ఎదుటి కొట్టాయన్ని అడగండి, మంచి మనిషి. ఉంటానండీ."

మరదలు ఆయన మొహంలోకి చూసింది. పెద్దాయన చూడనట్టే చూసి, నోటితో మెల్లగా ఎనిమిదోదాని మీదికి ఊదాడు.

"పెద్దాయనా" అన్నాడు సావుకారు, ఫోను జేబులో పడేసి. "ఏడుకీ ఎనిమిదికీ మధ్య, ఏడున్నర చిటికెలు వేస్తే ఎలా ఉంటుందంటావ్?"